మరిపెడ చెరువులో మొలిచిన పగడపు దిబ్బ

తినే అన్నం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఈ కింద రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం కాదు. జనగామలో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం చదివి ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి. మోటార్లకు వైండింగు చుట్టే నా దుకాణం ముందు బల్ల మీద కూర్చొని నేను చెప్పిన కథల్లో చేపలు కొంచెం బరువు పెరిగి ఉండొచ్చు, పాములు కొంచెం పొడవు సాగి ఉండొచ్చు. ఇది అట్లాంటిది కాదు. ఇది కాగితం మీద పెడుతున్నాను. కాగితమంటే నాకూ భయం ఉంది.

సర్వే పనుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. మీకు రేపు ఎవరో ఒక పెట్టె ఇచ్చి, దీనిలోంచి లోకాన్ని చూడమంటారు. చూడండి. కానీ అప్పుడప్పుడు తల పక్కకు తిప్పడం మరిచిపోకండి. నేను మరిచిపోయాను, అదే ఈ కథ.

మోటార్ల పనిలోకి రాకముందు నేను సముద్రం ఒడ్డున ఒక పరిశోధన ఆఫీసులో కాంట్రాక్టు టెక్నీషియన్ని. పని చెప్పడానికి తేలిక. పడవ పక్కన ఒక యంత్రం వేలాడదీస్తారు. అది నీళ్లలోకి చప్పుడు పంపుతుంది. అడుగున బురద ఉంటే చప్పుడు మెత్తగా తిరిగొస్తుంది, రాయి ఉంటే గట్టిగా తిరిగొస్తుంది. తిరిగొచ్చినదాన్ని బట్టి తెర మీద అడుగు బొమ్మ పడుతుంది. ఎత్తుగా ఏదైనా నిలబడి ఉంటే తెల్లగా మెరిసి, దాని వెనక నల్లటి నీడ పడుతుంది. సముద్రంలో పగడపు దిబ్బలను ఇట్లా గీసి, ఎక్కడ ఎగుడుదిగుడుగా ఉందో, ఎక్కడ గుంతలు, సందులు ఉన్నాయో చూసి, అక్కడ ఏ రకం చేపలు గుంపు కడతాయో చెప్పడం మా ఆఫీసు పని. మా మేడం ఒక మాట అనేది: "చేపల్ని లెక్కపెట్టడం మనవల్ల కాదు. అవి కాపురముండే ఇళ్లను లెక్కపెడదాం."

ఓడ మీద వెళ్లి రికార్డులు తెచ్చేవాళ్లు వేరు. నేను చల్లటి గదిలో కూర్చొని వాటిని శుభ్రం చేసేవాణ్ని. దిబ్బ బొమ్మ చూసి ఏ సందులో ఎవరుంటారో ఇంటి నంబరుతో సహా చెప్పగలిగేవాణ్ని. పగడాన్ని మాత్రం ఉంగరంలో తప్ప ఎన్నడూ చూడలేదు.

ఆఫీసులో మా వైపు మనిషిని నేనొక్కణ్నే. నేను "పోయినం, వచ్చినం" అంటే క్యాంటీన్లో ఎవరో ఒకరు సినిమా రౌడీ గొంతు పెట్టి తిప్పి చెప్పేవారు. నేనూ నవ్వేవాణ్ని. ఆ తర్వాత తెలంగాణ ఉద్యమం వేడెక్కింది. అప్పటినుంచి ఎవరూ వెక్కిరించలేదు. నేను పళ్లెం పట్టుకొని బల్ల దగ్గరికి వస్తే మాట క్రికెట్టు మీదికి మారేది. వెక్కిరించే రోజులే నయమనిపించింది.

అప్పుడు కొత్త యంత్రం వచ్చింది. దీవుల వైపు పగడపు దిబ్బల దగ్గరికి తీసుకెళ్లే ముందు కదలని నీళ్లలో పరీక్షించాలి. మేడం నన్ను పిలిచింది.

"మీ వైపు చెరువులు చాలా ఉన్నాయి కదా. అడుగు ఎగుడుదిగుడుగా ఉన్నచోట చేపలు గుమిగూడుతున్నట్టు ఒక్క మంచి రికార్డు తీసుకురండి. దీవులకు వెళ్లే ఓడలో మీకు చోటిస్తాను."

"ఓడలోనా మేడం?"

"గదిలో కూర్చొని విసుగు రాలేదా మీకు?"

విసుగు సంగతి నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర మాత్రం రాలేదు. ఒక్క రికార్డు చాలు, అన్నేళ్లుగా నేను గీస్తున్న ఇళ్లను కళ్లతో చూస్తాను.

పాలకుర్తి వైపు ఒక చెరువు, మరిపెడ వైపు ఒకటి, మొగుళ్లపల్లి వైపు ఒకటి అనుకున్నాం. ఇప్పుడు మూడూ మూడు జిల్లాలు. అప్పుడు అంతా ఒకే జిల్లా, ఒకటే గొడవ. చిన్న ఫైబరు పడవను వ్యానులో ఎక్కించి, నాకు తోడుగా ఒక పడవ మనిషిని ఇచ్చారు. గోదావరి జిల్లావాడు, నాకంటే చిన్నవాడు, నోరు మూతపడని మనిషి. వ్యాను జనగామ దాటుతుండగానే మొదలుపెట్టాడు.

"గురువుగారూ, రేపు మీ రాష్ట్రం మీకొచ్చేస్తే నేను రావాలంటే వీసా కావాలాండి?"

"చెరువుల ఉన్నంతసేపు అక్కర్లే తమ్మీ. కట్ట ఎక్కితే కావాలె."

"అయితే నీళ్లలోనే ఉండిపోతానండి. అన్నం పడవలోకి అందించండి."

పాలకుర్తి చెరువు మమ్మల్ని రానివ్వలేదు. గుర్రపుడెక్క యంత్రం చుట్టూ చీరలా చుట్టుకుంది. రికార్డు నిండా ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్కణ్నించి మరిపెడ దగ్గరి చెరువుకు వచ్చాం. అది బాగుంది. ఒక పక్క కట్ట, తూము, నిండితే నీళ్లు పొర్లే మత్తడి. ఇంకో పక్క రాళ్ల బోడు, అంటే చిన్న గుట్ట. కట్ట అవతల తండా. నీళ్లు నిండుగా, నిలకడగా ఉన్నాయి.

మా పని తీరు ఇది. మోటారు పెడితే ఆ చప్పుడు యంత్రంలో పడుతుంది. అందుకని తూము దగ్గరి రాయికి, బోడు మీది రాయికి మధ్య నైలాను తాడు కట్టి, దాన్ని పట్టుకొని లాగుతూ పడవను తిన్నగా నడిపేవాళ్లం. ఎండలో తెర కనబడదు. అందుకని నేను నల్లగుడ్డ తల మీదుగా తెర మీదికి కప్పుకొని, పాత కాలపు ఫొటోగ్రాఫరులా లోపల కూర్చునేవాణ్ని. తాడు లాగేది పడవ మనిషి.

"గుడ్డలో ఏం కనబడుతోందండి?"

"బురద."

"నిన్న?"

"బురదే."

"నయం, మారలేదు."

రోజు వెంట రోజు బురదే. అట్లపెనం బోర్లించినట్టు నున్నటి అడుగు. బోడు దగ్గర నాలుగు రాళ్లు, రాళ్ల మీద పొట్ట నిండిన నాలుగు బొచ్చె చేపలు. ఓడలో చోటు సంపాదించేంత ముచ్చట ఏమీ కాదు.

తెలంగాణ కోసం సమ్మె వచ్చి బస్సులు ఆగాయి. బడులు మూశారు. మరిపెడలో నేనుండే అద్దె గది కింది హోటలు ఒకపూట తెరిచి ఒకపూట మూసేవాడు. సెంటర్లో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి అందరూ వండుకొని, అందరూ కలిసి తినేవారు. డప్పు మోగేది. నేను ఆ పక్కనుంచి ఆఫీసు బొమ్మ ఉన్న చొక్కాతో నడిచి వెళ్లేవాణ్ని. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ కూర్చోమనలేదు.

చేపల సంఘం పెద్దమనిషికి మాత్రం నా మీద అనుమానం. ఒకనాడు కట్ట మీద నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"నీ డబ్బా చేపల్ని లెక్కవెడ్తదట."

"లెక్కవెట్టది అన్నా. అడుగు ఎట్లున్నదో వింటది."

"విని ఎవలకు చెప్తది? చెరువును కంట్రాక్టుకు ఇచ్చెటోళ్లకా?"

"గట్లాంటిదేం లేదు. గిది పరీక్ష."

"నీది ఏ ఊరు?"

"జనగామ."

"మరి డబ్బా ఎవలది?"

"ఆఫీసుది."

"ఆఫీసు ఏడున్నది?"

"సముద్రం కాడ."

"గట్ల చెప్పు," అని లేచి పంచె దులుపుకొని పోయాడు. ఆయన కోపంగా అనలేదు. కోపంగా అంటే ఏదో ఒకటి జవాబు చెప్పేవాణ్ని.

నాతో మాట్లాడే మనిషి ఇంకొకామె ఉండేది. తండా నుంచి మేకలు తోలుకొచ్చే అవ్వ. మేకలతో తండా భాషలో, నాతో మన భాషలో మాట్లాడేది. నన్నూ మేకల్నీ దాదాపు ఒకే తీరుగా అదిలించేది. నేను తినలేదని తెలిస్తే గుడ్డలో చుట్టుకొచ్చిన జొన్నరొట్టె తెంపి ఇచ్చేది.

"గా గుడ్డల తలకాయ వెట్టి ఏం చూస్తవ్ కొడుకా, పొద్దుగూకులు?"

"చెరువు అడుగు చూస్తన్న అవ్వా."

"అడుగుల ఏమున్నది? మట్టి ఉంటది."

"మట్టే ఉన్నది."

"మరి ఎన్నిరోజులు చూస్తవ్?"

నేను రొట్టె ముక్క నోట్లో పెట్టుకొని పడవ వైపు నడిచాను.

ఇక దిబ్బ మొలిచిన రోజు. ఆ పొద్దున ఎప్పటిలాగే గుడ్డ కప్పుకొని కూర్చున్నాను. కట్ట వైపు డప్పు మోగుతోంది, నినాదాలు వినబడుతున్నాయి. అవి రోజూ వినబడేవే. నేను తల తీయలేదు. పడవ తూము దగ్గర్నుంచి కొంచెం కదిలేసరికి తెర మీద, కట్ట పక్కన, నిన్నటిదాకా నున్నగా ఉన్నచోట, తెల్లటి మెరుపులు. ఒకటి కాదు, వరుసకు వరుస. ఒక్కోదాని వెనక సన్నటి నీడ. స్తంభాల్లాగా నిలబడ్డాయి, మధ్యలో సందులు, సందుల్లో చుక్కలు. చుక్కలంటే చేపలు. స్తంభం స్తంభం చుట్టూ మూగి ఉన్నాయి. నేను ఆఫీసులో గీసిన ఏ దిబ్బకూ అంత నిండు కాపురం లేదు.

"తమ్మీ, మెల్లగ లాగు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఏంటండీ, బురదలో బంగారం పడిందా?"

"మాట్లాడకు."

అతను మాట్లాడలేదు. తర్వాత తెలిసింది, మాట్లాడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వాడని.

పడవ బోడు వైపు గట్టుకు చేరగానే, కట్ట వైపు తలెత్తి కూడా చూడకుండా సామాను సర్దుకొని, తెరిచి ఉన్న నెట్ దుకాణం వెతుక్కుంటూ మరిపెడకు పరుగెత్తాను. బొమ్మ పంపాను. సాయంత్రం మేడం ఫోను చేసింది. ఆమె గొంతులో అంత సంతోషం ఎన్నడూ వినలేదు.

"ఏంటిది? చెరువులో ఇంత నిర్మాణం ఎక్కడిది? పాత గుడి మండపం మునిగిపోయిందా?"

"తెలియదు మేడం. రేపు మళ్లీ తీస్తా."

"తీయండి. రెండోసారి కూడా వస్తే మీ పేరు ఓడ పట్టీలో రాసేస్తున్నాను."

మర్నాడు అదే తాడు, అదే గీత. కట్ట పక్కన నున్నటి బురద. స్తంభం లేదు, నీడ లేదు, చేప లేదు. యంత్రాన్ని విప్పి తుడిచాను. బ్యాటరీ మార్చాను. మళ్లీ పోయాను. బురద. కట్ట మీద అవ్వ మేకలతో నిలబడి నన్నే చూస్తోంది. పడవ ఒడ్డుకు చేర్చి అడిగాను.

"అవ్వా, నిన్న గీడ నీళ్లల్ల గుట్ట లెక్క ఒకటి ఉండె. ఇయ్యాల లేదు. ఏడికి పోయింది?"

ఆమె నేను చూపించిన చోటు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"గుట్ట కాదు కొడుకా. గది మేము."

నిన్న జలదీక్ష జరిగింది. ఊరూ తండా కలిసి, ఆడా మగా, రొమ్ముల లోతు నీళ్లలో వరుసలు కట్టి పొద్దంతా నిలబడ్డారు, తెలంగాణ కావాలని. నేను వాళ్ల పక్కనుంచే తాడు పట్టుకొని పోయాను, తల గుడ్డలో పెట్టుకొని. వాళ్లు నన్ను పిలిచారట కూడా.

"సప్పుడు జేస్తే పలుకకపోతివి. చెవులు గిట్ల పోయినయా అనుకున్నం," అన్నది అవ్వ.

పడవ మనిషి అప్పటికి పడవ అంచు పట్టుకొని పడీపడీ నవ్వుతున్నాడు. "మీ వాళ్ల కాళ్లండీ అవి. మీ వాళ్ల కాళ్లనే పగడాలని రాసి పంపారు."

మేడంకు ఫోను చేశాను. అది దిబ్బ కాదు, కాళ్లు, అన్నాను. ఓడ పోయిందనుకున్నాను. ఆమె నెమ్మదిగా అడిగింది:

"మనుషులు నిలబడితే చేపలు వచ్చాయంటారు?"

"వచ్చినయి మేడం. కాళ్ల చుట్టూ మూగినయి."

"అయితే ఇది ఇంకా మంచిది. ఏమీ లేనిచోట నిలువుగా ఏదైనా నిలబెడితే చేపలు ఎంతసేపట్లో చేరతాయో ఎవరూ ఇంత శుభ్రంగా చూడలేదు. మళ్లీ ఎప్పుడు నిలబడతారు? వాళ్లు దిగే ముందునుంచీ ఎక్కేదాకా రికార్డు తీయండి. ఆ రికార్డుతో రండి, ఓడ ఎక్కండి."

మళ్లీ ఎప్పుడు నిలబడతారో నేను పోయి అడగలేను కదా. చేపల కోసం నిలబడండి అనలేను. ఎదురుచూశాను. రోజూ తాడు వెంట పోయి, బురద చూసి వచ్చాను. ఆకాశంలో మబ్బు కోసం చూసినట్టు జనం కోసం చూశాను. పడవ మనిషి ఊరుకునేవాడు కాదు.

"గురువుగారూ, మీరు ఏ పార్టీ అండి? జనం పార్టీయా, చేపల పార్టీయా?"

"నాది పడవ పార్టీ."

"దానికి జెండా ఉందాండి?"

"ఉన్నది. నల్లగుడ్డ."

అతను నవ్వాడు గాని, ఆ మాట నాలోనే చాలాసేపు తిరిగింది.

ఒక పొద్దున కట్ట మీద డప్పు మోగింది. ఈసారి ముందే సిద్ధంగా ఉన్నాను. యంత్రం దింపాను, తెర వెలిగించాను, ఖాళీ బురద రికార్డు అవుతోంది. గుడ్డ మాత్రం తల మీద వేసుకోలేదు. వాళ్లు దిగడం కళ్లతో చూశాను. ముందు సంఘం పెద్దమనిషి, భుజం మీద కండువాతో. తర్వాత పంతుళ్లు, సమ్మెలో ఉన్న బస్సు డ్రైవర్లు, కూలీలు. తండా ఆడవాళ్లు అద్దాల బట్టలతో నీళ్లలోకి వస్తుంటే ఎండ ముక్కలు ముక్కలై చెరువంతా చిందింది. అవ్వ కూడా దిగింది. మేకలు కట్ట మీద నిలబడి చూస్తున్నాయి. వరుసలు కట్టారు. నా పడవ వాళ్లకు చెయ్యి అందే దూరంలో ఉంది.

అవ్వ నా వైపు తిరిగింది. "గాడ కూసున్నవేంది? దిగు."

"పని ఉన్నది అవ్వా."

"గిది పని కాదా?"

సంఘం పెద్దమనిషి ముందు చూపు మరల్చకుండానే అన్నాడు: "వదిలెయ్ అవ్వా. ఆయన ఆఫీసు సముద్రం కాడున్నది."

నేను తెర చూశాను. స్తంభాలు మొలుస్తున్నాయి. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. చేపలు ఇంకా రాలేదు. ఇప్పుడే వస్తాయి. ఇప్పుడు కళ్లు ఆర్పకుండా చూడాలి. నా జీవితంలో నాకు కావలసిన రికార్డు ఇదే. వరుసలో అవ్వ పక్కన ఒక మనిషి పట్టేంత సందు ఉంది.

చొక్కా విప్పి పడవలో పెట్టి దిగాను. పడవ మనిషి నల్లగుడ్డ తన తల మీద కప్పుకొని తెర ముందు కూర్చున్నాడు. "మీరు నిలబడండి. నేను చూస్తాను," అన్నాడు.

నీళ్లు పైన వెచ్చగా, కింద చల్లగా ఉన్నాయి. కాళ్లు బురదలోకి చీలమండల దాకా దిగాయి. ఇన్నాళ్లుగా నేను తెర మీద చూసిన బురద ఇదేనా అనిపించింది. ఇది మెత్తగా, వేళ్ల మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. కొంచెంసేపటికి కాలి మీద ఏదో తాకింది. తర్వాత ఇంకొకటి. పరక చేపలు. పిక్కల మీద, మోకాళ్ల వెనక, చిన్న చిన్న మూతులతో గిల్లుతున్నాయి. చక్కిలిగింత ఆపుకోలేక నవ్వాను. సంఘం పెద్దమనిషి తల తిప్పి చూశాడు.

"కొరుకుతున్నయా?"

"కొరుకుతున్నయి అన్నా."

"కొత్త కాళ్లు గదా," అని మళ్లీ ముందుకు తిరిగాడు. ఆ తర్వాత నినాదమిచ్చినప్పుడు నా గొంతు కూడా అందులో కలిసింది. పొద్దు వాలేదాకా అట్లాగే ఉన్నాం.

ఆ రికార్డు చూసి మేడం బల్ల మీద కొట్టి మెచ్చుకుంది. వరుసలో చివరి జత కాళ్లు మిగతావాటికంటే కొంచెం వంకరగా ఉన్నాయి, అవి నావేనని ఆమెకు చూపించాను. నేను ఓడ ఎక్కాను. దీవుల దగ్గర నీళ్లలోకి దిగి పగడపు దిబ్బను కళ్లతో చూశాను. పసుపు చేపలు, నీలం చేపలు, చారల చేపలు, అన్నీ నేను గీసిన ఇళ్లలోనే కాపురాలున్నాయి. ఆటో అంత చేప ఒకటి సందులోంచి వచ్చి, నన్ను చూసి, దారి ఇచ్చింది.

ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ మొదట్లో అన్నం మీద చెయ్యి పెట్టాను.

నేను ఓడ ఎక్కలేదు. దీవులు చూడలేదు. ఆటో అంత చేపను జనగామలోనే తయారుచేశాను. ఆ రోజు యంత్రం నడపడానికి పడవలో మనిషి లేడు. నేను మీట నొక్కి యంత్రం ఆపి, దిగి, వరుసలో నిలబడ్డాను. చేపలు వచ్చాయని నా కాళ్లకు తప్ప ఎక్కడా రికార్డు లేదు. మేడం అడిగితే, తీయలేదు, నీళ్లల్ల ఉన్న, అన్నాను. సరే, అన్నది. ఓడ ఇంకెవరితోనో వెళ్లింది. ఆ ఏడు నా కాంట్రాక్టు పొడిగించలేదు.

పడవ మనిషి మరిపెడకు రానేలేదు. పాలకుర్తిలో పడవ దింపిన రోజే వాళ్లమ్మ టీవీలో ఏదో చూసి భయపడి ఫోను చేసింది. నేనే జనగామ స్టేషనుకు తీసుకెళ్లి రైలెక్కించాను. కిటికీలోంచి, "మీరు కూడా వచ్చేయండి," అన్నాడు. "మా ఊరు ఇదే కదా," అన్నాను. మరిపెడ చెరువులో తాడు లాగింది నేనే, గుడ్డ కప్పుకున్నది నేనే. అక్కడ అతని మాటలన్నీ కూడా నావే. పడవలో ఒక్కణ్నే కూర్చొని, అతని గొంతుతో అడిగి, నా గొంతుతో జవాబు చెప్పుకునేవాణ్ని. వెక్కిరించేవాడు ఒక్కడన్నా ఉంటే ఎంత బాగుండునో అనుకునేవాణ్ని. అట్లా కొన్నాళ్లకు అతని భాష నాకు బాగానే పట్టుబడింది.

ఒకనాడు అవ్వ కట్ట మీద నిలబడి వింటున్న సంగతి నేను గమనించలేదు.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ కొడుకా?"

"మా దోస్తుతోని," అన్నాను.

ఆమె పడవలోకి చూసింది. నన్ను చూసింది. మేకల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయింది. మర్నాడు వచ్చి గుడ్డ విప్పి నా చేతిలో రొట్టె పెట్టింది, తర్వాత పడవలో ఖాళీగా ఉన్న పలక మీద ఇంకో రొట్టె పెట్టింది.

"గిది నీ దోస్తుకు," అన్నది.